కోరంగి బిడ్డ.. రంగూన్‌ దొర.. కాకినాడ దాత
మల్లాడి సత్యలింగం నాయకర్‌ ధర్మనిధికి వందేళ్లు పైబడిన చరిత్ర

కాకినాడ: జగన్నాథపురంలో ఎంఎస్‌ఎన్‌ అన్న మూడక్షరాలు వినని ఇల్లు లేదు. కళాశాల పేరు అదే, పాఠశాల పేరు అదే, చారిటీస్‌ కార్యాలయం పేరూ అదే. ఆ ప్రాంగణాల్లో చదువుకుని ఉద్యోగాల్లో స్థిరపడినవారు జిల్లాలో ఏ మండలానికి వెళ్లినా కనిపిస్తారు. అయితే ఆ మూడక్షరాల వెనుక ఒక మనిషి ఉన్నారనీ, ఆయన కోరంగి ప్రాంతపు పేదింటి నుంచి ఓడెక్కి సముద్రం దాటి, బర్మాలో లక్షలు గడించి, వాటిని తిరిగి ఈ తీరానికే రాసిచ్చి వెళ్లారనీ చెప్పగలిగేవారు తగ్గిపోతున్నారు. ఆయనే మల్లాడి సత్యలింగం నాయకర్‌. 1915లో ఆయన కన్నుమూశారు. వ్యాపారం ఆయనతోనే ముగిసిపోయింది. ధర్మం మాత్రం ఈనాటికీ నడుస్తూనే ఉంది. ఒక వ్యాపారి సంపాదన ఆయన వ్యాపారం కంటే వందేళ్లు ఎక్కువ ఎలా బతికిందన్నది ఆసక్తికరమైన విషయం.

రేవు పోయినా ఊరు పేరు మిగిలింది

నాయకర్‌ 1840 ప్రాంతంలో అగ్నికుల క్షత్రియ కుటుంబంలో జన్మించారు. సముద్రాన్ని నమ్ముకుని బతికే కులం అది. వేట, పడవ నడపడం, ఓడల్లో కలాసీ పని వారి కులవృత్తులు. కోరంగి అప్పటికి పెద్ద పేరున్న రేవు. ఇప్పుడు ఆ ఊరి మీదుగా యానాం వెళ్లే ప్రయాణికులకు మడ అడవులు, అభయారణ్యం బోర్డు మాత్రమే కనిపిస్తాయి గానీ, ఒకప్పుడు తూర్పు తీరంలో ఓడల మరమ్మతుకు, నిర్మాణానికి ఇది ప్రసిద్ధ కేంద్రం. పక్కనే ఉన్న తాళ్లరేవులో కొయ్య ధోనీలు కట్టే పనితనం ఆ కాలపు వారసత్వమే.

1789లోనూ, మళ్లీ 1839లోనూ వచ్చిన ఉప్పెనలు కోరంగిని అతలాకుతలం చేశాయి. తుఫానులకు సైక్లోన్‌ అన్న ఇంగ్లిషు పేరు పెట్టిన హెన్రీ పిడింగ్టన్‌ కోరంగి ఉప్పెన గురించి ప్రత్యేకించి రాశాడు. రెండో ఉప్పెన నాయకర్‌ పుట్టుకకు ఏడాది అటూ ఇటూగా వచ్చింది. కొట్టుకుపోయిన రేవు, తేరుకోని జనం, పని కోసం వెతుకులాట.. ఆయన బాల్యం గడిచింది అలాంటి ఊళ్లోనే. ఉప్పెన తర్వాతైనా రేవు నిలబడేదేమో గానీ గోదావరి ఒండ్రు దాన్ని నిలబడనివ్వలేదు. ముఖద్వారం పూడిపోతూ వచ్చింది. పెద్ద ఓడలు హోప్‌ ఐలాండ్‌ చాటున ఉన్న కాకినాడ సముద్రానికి మళ్లాయి. 1825 వరకు డచ్చివారి చేతిలో ఉన్న జగన్నాథపురం కూడా బ్రిటిష్‌ పాలనలోకి వచ్చి కాకినాడలో కలిసింది. 1866లో కాకినాడ పురపాలక సంఘమైంది.

1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి డెల్టాలో నీరు పారసాగింది. అయితే ఆ నీరు భూమి ఉన్నవాడి చేలోకే పారింది. భూమి లేని పల్లెకారుల కుటుంబాలకు, వ్యవసాయ కూలీలకు బతుకుతెరువు ఎదురుగా ఉన్న సముద్రమే చూపించింది. ఆ ఏడాదే బ్రిటిష్‌వారు రెండో బర్మా యుద్ధంలో రంగూన్‌ను స్వాధీనం చేసుకున్నారు. ఒకే ఏడాది జరిగిన ఈ రెండు సంఘటనలూ తర్వాతి 90 ఏళ్లపాటు గోదావరి జిల్లాల బతుకును మలిచాయనడం అతిశయోక్తి కాదు.

రంగం పోయినవారు

మన జిల్లాల్లో పెద్దవాళ్లు రంగూన్‌ను రంగం అనేవారు. అప్పులపాలైనవాడు, ఇంట్లో అలిగినవాడు, పెళ్లికి డబ్బు చాలనివాడు.. అందరూ రంగం పోయేవారు. కాకినాడ నుంచి పొగ ఓడ డెక్కు మీద, ఎండకూ వానకూ ఓర్చుకుంటూ, మూటలో అటుకులో చద్దన్నమో పెట్టుకుని వెళ్లేవారు. కోరంగి రేవు నుంచి మొదట్లో వెళ్లినవారు ఎక్కువ కావడంతో బర్మాలో తెలుగువారందరికీ కోరంగీలన్న పేరే స్థిరపడింది. శ్రీకాకుళం నుంచి వెళ్లినవాడైనా, విశాఖ నుంచి వెళ్లినవాడైనా అక్కడ కోరంగీయే. రేవు పూడిపోయినా దాని పేరు పరాయి దేశంలో ఒక జాతి పేరై మిగిలింది. తర్వాతి కాలంలో ఆ మాటను తక్కువ చేసి పిలవడానికి వాడారన్నది వేరే సంగతి.

1869లో సూయజ్‌ కాలువ తెరుచుకోవడంతో ఐరోపాకు దారి దగ్గరైంది. ఐరావతి డెల్టాలో అడవులు నరికి వరి పొలాలు చేశారు. రంగూన్‌లో వరుసగా బియ్యం మిల్లులు లేచాయి. ప్రపంచంలో అతి పెద్ద బియ్యపు ఎగుమతి రేవుల్లో ఒకటిగా రంగూన్‌ ఎదిగింది. పంట ఇంటికి వచ్చిన తర్వాత, డిసెంబరు, జనవరి మొదలు వానలు పడేవరకు ఓడలు బారులు తీరేవి. మిల్లులో బస్తా మోయడానికి, పడవలోకి దించడానికి, ఓడ అడుగున పేర్చడానికి మనుషులు కావాలి. బర్మా రైతు తన పొలం వదిలి రాడు. ఆ లోటును గోదావరి, విశాఖ, గంజాం జిల్లాల కూలీలు పూరించారు.

స్టీవ్‌డోర్‌ వ్యాపారం అంటే..

ఇలా వెళ్లిన వేల మందిలో ఒకరిగానే సత్యలింగం కూడా వెళ్లారు. చిన్న పనితో మొదలై ఓడరేవులో స్టీవ్‌డోర్‌ కాంట్రాక్టరు స్థాయికి ఎదిగారు. ఈ వ్యాపారం ఎలాంటిదో తెలిస్తేనే ఆయన ఎక్కిన ఎత్తు అర్థమవుతుంది.

ఓడ కంపెనీ కూలీలను నేరుగా పెట్టుకోదు. ఓడలోకి సరుకు ఎక్కించడం, దించడం మొత్తం ఒక గుత్తేదారుకు టన్నుకు ఇంత అని అప్పగిస్తుంది. ఆ గుత్తేదారే స్టీవ్‌డోర్‌. ఆయన కింద మేస్త్రీలు ఉంటారు. ఒక్కో మేస్త్రీ కింద ఒక్కో ముఠా. ముఠాలో కొందరు గట్టు మీద, కొందరు పడవలో, కొందరు ఓడ గర్భంలో పనిచేస్తారు. బియ్యం బస్తాలు పేర్చడం బలంతో మాత్రమే అయ్యే పని కాదు. మధ్యలో గాలి ఆడే సందులు వదలకపోతే దారిలో బియ్యం వేడెక్కి చెడిపోతుంది. బరువు ఒకవైపు ఎక్కువైతే నడిసముద్రంలో ఓడ ఒరుగుతుంది. ఓడ ఒక రోజు అదనంగా రేవులో నిలిస్తే ఆ నష్టం వందల రూపాయల్లో ఉంటుంది. కనుక కంపెనీ ఏజెంటుకు కావలసింది చౌకగా చేసేవాడు మాత్రమే కాదు, రాత్రి కబురు పెడితే తెల్లవారేసరికి వంద మందిని రేవులో నిలబెట్టగలవాడు. ఆ వంద మందీ తన ఊరివాళ్లో, పక్క ఊరివాళ్లో అయితేనే అది సాధ్యం. సముద్రం తెలిసిన కుటుంబంలో పుట్టడం, కోరంగి చుట్టుపక్కల పల్లెలన్నీ తెలిసి ఉండడం నాయకర్‌కు పెట్టుబడిగా ఉపయోగపడ్డాయి.

ఇందులో చీకటి కోణం కూడా ఉంది. మేస్త్రీ వ్యవస్థ మొత్తం బయానాల మీద నడిచేది. ఊళ్లో కూలీకి ముందుగా కొంత సొమ్ము ఇచ్చి, ఓడ చార్జీ కట్టి తీసుకెళ్లేవారు. ఆ బాకీ తీరేవరకు కూలి డబ్బులో కోత తప్పదు. బస అంటే ఇరుకు గదిలో వంతులవారీగా పడుకోవడమే. కలరా, మశూచి వస్తే కబురు కూడా ఇంటికి చేరని సందర్భాలు ఉండేవి. రంగూన్‌లో తెలుగు గుత్తేదారులు గడించిన ప్రతి రూపాయిలోనూ ఈ కూలీల చెమట ఉంది. నాయకర్‌ సంపద దానికి మినహాయింపు అనుకోనక్కర్లేదు. ఆయన ప్రత్యేకత సంపాదించిన తీరులో కంటే దాన్ని వదిలివెళ్లిన తీరులో ఉంది. రంగూన్‌లో కోటీశ్వరులైన భారతీయులు చాలామంది ఉన్నా, కూలీలు ఏ తీరం నుంచి వచ్చారో ఆ తీరానికే సొమ్మును తిరిగి పంపినవారు కొద్దిమందే.

1912లో విల్లు

సంపాదనలో చెప్పుకోదగిన భాగాన్ని నాయకర్‌ స్వస్థలంలో భూముల రూపంలో స్థిరపరిచారు. వయసు మళ్లాక 1912లో విల్లు రాసి ఆస్తిని ధర్మకార్యాలకు కేటాయించారు. పేద పిల్లల చదువు, అన్నదానం, దైవసేవ అందులో ముఖ్యమైనవి. 1915లో ఆయన మరణించడంతో విల్లు అమల్లోకి వచ్చింది. మల్లాడి సత్యలింగం నాయకర్‌ చారిటీస్‌ అలా ఏర్పడింది. జగన్నాథపురం దానికి కేంద్రమైంది.

తాను చదువుకునే అవకాశం లేని మనిషి చదువుకు పెద్దపీట వేయడం ఆ కాలంలో చిన్న విషయం కాదు. తీరప్రాంత పల్లెల్లో అప్పుడు బడికి వెళ్లే పిల్లవాడే అరుదు. ఎనిమిదేళ్లు రాగానే వలలు బాగుచేయడానికి కూర్చోబెట్టేవారు. కాకినాడలో అప్పటికే పీఠాపురం రాజా పేరుతో కళాశాల ఉన్నా అక్కడి వరకు చేరాలంటే ముందు అక్షరాలు రావాలి, ఆపైన జీతం కట్టాలి, ఆపైన రెండు పూటలా తినాలి. ఈ మూడు గడపల దగ్గర పేదవాడు ఆగిపోతాడని తెలిసినవారికే చదువును, అన్నాన్ని ఒకే విల్లులో పెట్టాలన్న ఆలోచన వస్తుంది.

దానం నలుగురు చేశారు.. నిలిచింది ఏది?

గోదావరి డెల్టాలో దాతలకు కొదవ లేదు. అయితే దానం చేసిన పద్ధతి ఒక్కొక్కరిది ఒక్కో రకం. ఆ తేడా దగ్గరే దానం ఎన్నాళ్లు నడుస్తుందన్నది తేలిపోతుంది.

నాయకర్‌కు సమకాలికురాలు లంకల గన్నవరం డొక్కా సీతమ్మ. 1841లో పుట్టి 1909లో కన్నుమూసిన ఆ ఇల్లాలు గోదావరి దాటి వచ్చే బాటసారులకు వేళాపాళా చూడకుండా అన్నం పెట్టారు. ఆమె దానానికి నిధి లేదు, పత్రం లేదు. ఇంటి పంటే నిధి. ఆమెతోనే ఆ పొయ్యి వెలుగు ముగిసింది. పేరు మాత్రం నిలిచి, 2024లో రాష్ట్ర ప్రభుత్వం బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టింది. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం దారి వేరు. ఆయన బతికుండగానే 1906లో హితకారిణీ సమాజం నెలకొల్పి, తన ఆస్తిని దానికి అప్పగించారు. తన కళ్ల ముందే సంస్థ నడవాలన్న పట్టుదల అది. పీఠాపురం మహారాజా సూర్యారావు బహద్దూర్‌ది మూడో దారి. సంస్థానం ఆదాయం నుంచి ఏటేటా కళాశాలకు, అనాథ బాలలకు, నిఘంటువులకు, కవులకు ఇచ్చారు. 1948లో జమీందారీల రద్దు చట్టం రావడంతో ఆ ఆదాయపు ఊట ఎండిపోయింది.

నాయకర్‌ది నాలుగో పద్ధతి. అసలును కదపకుండా కట్టడి చేసి, దాని మీద వచ్చే ఫలసాయాన్ని మాత్రమే ఖర్చు చేయడం. వ్యాపారస్తుడి లెక్క అది. సంపన్న కుటుంబాల ట్రస్టుల్లో చాలావాటికి మూలసూత్రం ఇదే. బొంబాయిలో జంషెడ్జీ టాటా కుమారులు తమ వాటాలను ధర్మనిధులకు రాసిన కాలం కూడా దాదాపు ఇదే. రతన్‌జీ టాటా 1918లో, దొరాబ్జీ 1932లో మరణించారు. వారి పేరిట ట్రస్టులు ఏర్పడ్డాయి. ఆ ట్రస్టులకు ఆదాయం కంపెనీ వాటాల నుంచి వస్తుంది. కంపెనీ పెరిగితే ధర్మమూ పెరుగుతుంది. నాయకర్‌ వెనుక అలాంటి కంపెనీ లేదు. స్టీవ్‌డోర్‌ వ్యాపారం మనిషి పలుకుబడి మీద నడిచేది, ఆ మనిషితోనే పోయేది. అందువల్ల ఆయన ధర్మం భూమి మీద ఆధారపడింది.

కూలిన రంగూన్‌

ఆ నిర్ణయం ఎంత ముందుచూపుతో కూడినదో ఆయన పోయిన 15 ఏళ్లకే తెలిసివచ్చింది. 1930 మే నెలలో రంగూన్‌ రేవులో తెలుగు కూలీలు వేతనాల కోసం సమ్మె చేశారు. గుత్తేదారులు బర్మీయులను పనిలోకి తెచ్చారు. సమ్మె పరిష్కారమై తెలుగువారిని తిరిగి తీసుకోగానే, పని పోయిన బర్మీయులకు, వీరికి మధ్య ఘర్షణ చెలరేగింది. ఊరంతా కోరంగీల వేట సాగింది. వందకు పైగా ప్రాణాలు పోయాయి. మరుసటి ఏడాది జనగణనలో బర్మాలో భారతీయులు 10 లక్షలకు పైగా తేలారు. రంగూన్‌ నగరంలో సగానికి పైగా జనం వారే. అంతమంది ఉండడమే స్థానికుల కోపానికి కారణమైంది.

1937లో బర్మా భారతదేశం నుంచి విడిపోయింది. 1941 డిసెంబరు 23న జపాన్‌ విమానాలు రంగూన్‌ మీద బాంబులు కురిపించాయి. ఓడ దొరికినవారు ఓడలో, దొరకనివారు అరకాన్‌ కొండల మీదుగా, మణిపూర్‌ అడవుల మీదుగా కాలినడకన బయలుదేరారు. లక్షలాది మంది నడిచారు, వేలాది మంది దారిలోనే రాలిపోయారు. 1942 ఏప్రిల్‌ 6న కాకినాడ మీద కూడా బాంబులు పడ్డాయి. రంగూన్‌ నుంచి ప్రాణాలతో వచ్చినవారిని ఇక్కడ కూడా అదే విమానం వెంటాడినట్లయింది. బర్మా వరి పొలాల్లో సుమారు నాలుగో వంతును అప్పుల కింద స్వాధీనం చేసుకున్న తమిళ చెట్టియార్లు కూడా చివరికి చేతులు ఊపుకుంటూ రావలసి వచ్చింది. యుద్ధం తర్వాత తిరిగి వెళ్లినవారి దుకాణాలను, ఆస్తులను 1960 దశకంలో బర్మా సైనిక ప్రభుత్వం జాతీయం చేసింది. రాష్ట్రంలో పలు ఊళ్లలో ఇప్పటికీ వినిపించే బర్మా కాలనీలు ఆ కాందిశీకులవే.

రంగూన్‌ ఆస్తినే నమ్ముకుని ఉంటే నాయకర్‌ ధర్మం 1942లోనే ఆగిపోయేది. గోదావరి మట్టిలో నాటడం వల్ల నిలిచింది.

ధర్మం ఎలా నడుస్తుంది?

విల్లు రాసినంత మాత్రాన ధర్మం దానంతట అది నడవదు. ధర్మకర్త కావాలి, లెక్క కావాలి, లెక్క అడిగేవాడు కూడా కావాలి. దాత పోయిన మొదటి తరంలో ఆయనను ఎరిగినవారు ఉంటారు కనుక భయమో గౌరవమో పనిచేస్తుంది. రెండో తరం నుంచి అసలు పరీక్ష మొదలవుతుంది. ధర్మకర్త కుటుంబానికి, ధర్మం ఆస్తికి మధ్య గీత చెరిగిపోవడం ఎన్నో సత్రాల విషయంలో చూసినదే. గోదావరి జిల్లాల్లో దాత పేరు శిలాఫలకం మీద మాత్రమే మిగిలి, వెనుక ఉన్న పొలం ఎవరిదో తెలియకుండా పోయిన సత్రాలు ఒకటీ రెండూ కావు.

దీన్ని అరికట్టడానికే చట్టాలు వచ్చాయి. మద్రాసు రాష్ట్రంలో 1927 నాటి హిందూ మత ధర్మాదాయ చట్టం ప్రధానంగా దేవాలయాలను, మఠాలను పర్యవేక్షించింది. 1951లో మరో చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌ ఏర్పడ్డాక 1966లో ధర్మాదాయ సంస్థలను, దేవాలయాలను కలిపి ఒకే చట్టం కిందికి తెచ్చారు. జస్టిస్‌ చల్లా కొండయ్య కమిషన్‌ నివేదిక దరిమిలా 1987లో ప్రస్తుత చట్టం అమల్లోకి వచ్చింది. వంశపారంపర్య ధర్మకర్తృత్వ హక్కును అది రద్దు చేసింది. 1996లో సుప్రీంకోర్టు ఆ రద్దును సమర్థిస్తూనే, సంస్థాపకుల కుటుంబానికి ఉన్న స్థానాన్ని పూర్తిగా తోసిపుచ్చరాదని తేల్చింది.

ఎంఎస్‌ఎన్‌ చారిటీస్‌ ఇప్పుడు దేవాదాయ ధర్మాదాయ శాఖ పర్యవేక్షణలో ఉంది. శాఖ పేరులోని రెండో మాటను జనం సాధారణంగా పట్టించుకోరు. దేవాదాయం అంటే దేవుడి పేర ఉన్నది, ధర్మాదాయం అంటే మనుషుల కోసం ఉన్నది. సత్రం, పాఠశాల, అన్నదాన నిధి ఈ రెండో కోవలోకి వస్తాయి. ఇలాంటి సంస్థకు భూముల కౌలు, దుకాణాలు, ఇళ్ల అద్దెలు, బ్యాంకు డిపాజిట్ల మీద వడ్డీ ప్రధాన ఆదాయాలు. ఏటా బడ్జెట్‌ వేసి అనుమతి తీసుకోవాలి. ఆదాయంలో నిర్ణీత వాటా శాఖకు పాలన ఖర్చుల కింద, ఆడిట్‌ రుసుము కింద చెల్లించాలి. మిగిలినదాన్ని దాత చెప్పిన పనికే ఖర్చు చేయాలి. దాత చెప్పిన పని ఏ కారణం చేతనైనా సాగని పరిస్థితి వస్తే దానికి దగ్గరగా ఉన్న పనికే మళ్లించాలి తప్ప ఇష్టం వచ్చినట్లు కాదు.

భూమి అమ్మకం మరీ కట్టుదిట్టం. కమిషనర్‌ ముందస్తు అనుమతి లేకుండా జరిగిన అమ్మకం చెల్లదు. అనుమతి ఉన్నా సాధారణంగా బహిరంగ వేలంలో అమ్మాలి. సాగుభూమి కౌలు కూడా వేలం ద్వారానే ఇవ్వాలి. రెండున్నర ఎకరాల మాగాణి లేదా 5 ఎకరాల మెట్ట మించి లేని నిరుపేద రైతుకు మాత్రం చట్టం కొంత రక్షణ కల్పించింది. ఆక్రమణలను తొలగించడానికి ప్రత్యేక ట్రైబ్యునల్‌ ఉంది.

కాగితం మీద ఇవన్నీ పకడ్బందీగా కనిపిస్తాయి. ఊళ్లో చూస్తే వేరు. కౌలుకు పాడినవాడు ఒకడు, దున్నేవాడు మరొకడు. తాత కాలంలో పుచ్చుకున్న కౌలును మనవడు హక్కుగా భావిస్తాడు. మక్తా పెంచుతామంటే కోర్టుకు వెళతాడు. వ్యాజ్యం తేలేసరికి కార్యనిర్వహణాధికారులు ముగ్గురు నలుగురు మారిపోతారు. కొత్తగా వచ్చిన అధికారికి దస్త్రం వెతకడానికే ఏడాది పడుతుంది. పట్టణం పెరిగి పొలం పక్కకు రోడ్డు వస్తే ఎకరం విలువ కోట్లకు చేరుతుంది గానీ కౌలు మాత్రం బస్తాల లెక్కలోనే ఉంటుంది. ఇది ఒక్క సంస్థ కథ కాదు. డెల్టాలో ధర్మాదాయ భూమి ఉన్న ప్రతి ఊరి కథ. కుటుంబ ట్రస్టులో దాత వారసుడికి పేరు నిలబెట్టాలన్న అభిమానమైనా ఉంటుంది. ప్రభుత్వ పర్యవేక్షణలో స్వార్థం తగ్గుతుందేమో గానీ ఆ అభిమానం కూడా తగ్గుతుంది. ఈ రెంటి మధ్య సమతూకం ఇంకా కుదరలేదన్నది నిజం.

చదువుల ప్రాంగణాలు

ఇన్ని ఒడుదొడుకుల నడుమ కూడా నాయకర్‌ కోరుకున్న చదువు ఆగలేదు. జగన్నాథపురంలోని పాఠశాల, జూనియర్‌ కళాశాల, డిగ్రీ కళాశాలల్లో తీరప్రాంత మత్స్యకార కుటుంబాల పిల్లలు, చుట్టుపక్కల వ్యవసాయ కూలీల పిల్లలు తరతరాలుగా చదువుకున్నారు. ప్రభుత్వ గ్రాంటుతో నడిచే విద్యాసంస్థలకు ఒక సౌలభ్యం ఉండేది. ఉపాధ్యాయుల జీతం ప్రభుత్వం ఇస్తే, భవనాలు, ఇతర ఖర్చులు ధర్మనిధి చూసుకునేది. ధర్మనిధి రూపాయికి ప్రభుత్వ రూపాయి తోడయ్యేది. పదవీ విరమణ చేసినవారి స్థానంలో కొత్తవారిని నియమించకపోవడం వల్ల రాష్ట్రమంతటా ఆ ఏర్పాటు బలహీనపడింది. 2021లో ఎయిడెడ్‌ సిబ్బందిని ప్రభుత్వంలోకి తీసుకునే విధానం వచ్చినప్పుడు పలుచోట్ల విద్యార్థులు, తల్లిదండ్రులు ఆందోళనకు దిగారు. వందేళ్ల కిందటి దాతలు ఇచ్చిన బడులు ఏమవుతాయన్న ప్రశ్న అప్పుడు ప్రతి ఊళ్లోనూ వినిపించింది.

కాకినాడకు పోస్టుగ్రాడ్యుయేట్‌ చదువు కూడా నాయకర్‌ పేరుతోనే వచ్చింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆయన పేరిట ఇక్కడ పీజీ కేంద్రం నడిపింది. 2006లో రాజమహేంద్రవరంలో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం ఏర్పడిన తర్వాత ఈ కేంద్రం దాని పరిధిలోకి వచ్చి ఎంఎస్‌ఎన్‌ ప్రాంగణంగా కొనసాగుతోంది. విశాఖపట్నం వెళ్లి హాస్టల్లో ఉండి చదివించే స్తోమత లేని కుటుంబాల నుంచి, ముఖ్యంగా ఆడపిల్లలు, ఈ ప్రాంగణంలో ఎమ్మెస్సీ, ఎంకాం పూర్తిచేశారు. అక్షరం నేర్వని తరం నుంచి ఓడెక్కిన మనిషి పేరు పీజీ పట్టా చదివే ప్రాంగణం మీద ఉండడం చూస్తే, ఆ విల్లు ఎంత దూరం ప్రయాణించిందో తెలుస్తుంది.

2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజనతో కాకినాడ ప్రత్యేక జిల్లా అయింది. నాయకర్‌ పుట్టిపెరిగిన కోరంగి ప్రాంతం, తాళ్లరేవు మండలం ఆ జిల్లాలోనే ఉన్నాయి. పుష్య బహుళ అమావాస్య నాడు సప్తసాగర యాత్రకు బయలుదేరే భక్తులు తుల్యభాగ సముద్రంలో కలిసే చొల్లంగిలో తొలి స్నానం చేసి, కోరంగి మీదుగా సాగిపోతారు. ఆ దారి పొడవునా ఉన్న పల్లెల నుంచే ఒకప్పుడు కూలీలు మూటలు నెత్తిన పెట్టుకుని కాకినాడ రేవుకు నడిచారు. ఇప్పుడు అదే దారిలో ఉదయం ఏడున్నరకు యానాం, తాళ్లరేవు వైపు నుంచి వచ్చే బస్సుల్లో విద్యార్థులు పుస్తకాల సంచులతో జగన్నాథపురంలో దిగుతున్నారు.